వింబుల్డన్ వాళ్లదే, డబ్బూ వాళ్లదే... మరి ఆటగాళ్లేరీ?

రీడింగ్_రమణ
చాలా కాలంగా బుర్ర తొలిచేస్తున్న ప్రశ్న ఇది. వింబుల్డన్ టోర్నీ ఖర్చులు పోగా మిగిలేదాంట్లో 90 శాతం ఎల్‌టీఏకి, అంటే ఇక్కడి బ్రిటన్ టెన్నిస్ సంఘానికి వెళ్తుంది. ఏటా 4 కోట్ల పౌండ్లకు పైమాటే. అంత ఆదాయం ఉన్న టెన్నిస్ సంఘాలు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా మగవాళ్ల సింగిల్స్‌లో 1936లో ఫ్రెడ్ పెర్రీ గెలిచాక మళ్లీ వింబుల్డన్ కప్పు బ్రిటన్ వాడి చేతికి రావడానికి 77 ఏళ్లు పట్టింది. 2013లో తెచ్చిన ఆండీ ముర్రే కూడా పదిహేనో ఏట బార్సిలోనా వెళ్లి ఆట నేర్చుకున్నవాడే. ఆడవాళ్లలో 1977లో వర్జీనియా వేడ్ తర్వాత గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచింది 2021లో ఎమ్మా రదుకాను ఒక్కతే.

పక్కన చెక్ రిపబ్లిక్ చూడండి. జనాభా కోటి పైచిలుకు. క్విటోవా వింబుల్డన్ రెండుసార్లు గెలిచింది. 2023లో వొండ్రుసోవా, 2024లో క్రెజికోవా గెలిచారు.

మా అమ్మాయికి పదకొండేళ్లు, ఇక్కడే ఆడుతోంది. కోచింగ్ ఫీజు, ఇండోర్ కోర్టు అద్దె, టోర్నీలకి తిరగడం... నెలాఖరుకి లెక్క చూసుకుంటే ఇంటి ఈఎంఐ కన్నా దీని టెన్షనే ఎక్కువగా ఉంది. అంత డబ్బున్న దేశంలో ఈ ఖర్చంతా తల్లిదండ్రుల నెత్తిన ఎందుకు పడుతోంది? లోపం ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

డ్యూస్_దుర్గ
వాన. ఇంకేముంది. 2001 వింబుల్డన్ సెమీస్‌లో బ్రిటన్ ఆటగాడు హెన్‌మన్ మూడో సెట్ 6-0తో కొట్టి ఇవానిసెవిచ్ మీద ఆధిక్యంలో ఉన్నాడు. వాన పడింది. మ్యాచ్ మూడు రోజులు సాగి చివరికి చేజారింది. ర్యాంకు చాలక వైల్డ్‌కార్డుతో, అంటే నిర్వాహకులు ప్రత్యేకంగా ఇచ్చే చోటుతో వచ్చిన ఇవానిసెవిచ్ ఏకంగా కప్పే ఎత్తుకుపోయాడు. సెంటర్ కోర్టుకి పైకప్పు 2009లో వేశారు. ఓ ఎనిమిదేళ్లు ముందు వేసుంటే రమణ గారు ఈ ప్రశ్న వేసేవారే కాదు.

లెక్కల_మాస్టారు
వాన సాకు నేనొప్పుకోను దుర్గమ్మా. చెక్‌లో చలికాలం ఇంగ్లండ్ కన్నా ఘోరం. వాళ్లు ఇండోర్‌లో ఆడతారు. ఫ్రాన్స్‌లో కప్పున్న కోర్టులు బ్రిటన్ కన్నా చాలా రెట్లు ఎక్కువ. వాతావరణం అందరికీ ఒకటే, కోర్టులే తేడా.

హారో_హరిత
మాస్టారు అన్నది నిజం. అది రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి. బాబు స్కూల్ నుంచి వచ్చేది మూడున్నరకి. క్లబ్‌లో ఎక్కువ కోర్టులు ఇసుక చల్లిన ప్లాస్టిక్ గడ్డివి. వాన నీళ్లు తొందరగా ఇంకిపోతాయని, ఏడాదంతా వాడుకోవచ్చని క్లబ్బులు వాటిని వేయించుకుంటాయి. పెద్దవాళ్లు ఆదివారం సరదాగా డబుల్స్ ఆడుకోవడానికి అవి భేషుగ్గా ఉంటాయి. పిల్లలకి మాత్రం నష్టం. ఆ ఇసుక మీద బంతి లేవదు, జారిపోయి మోకాలి దగ్గరికి వస్తుంది. తడిసిందంటే బరువెక్కి అసలే లేవదు. పిల్లలు మోకాళ్లు వంచి స్లైస్ చేసో, నెట్టేసో పాయింటు గెలుచుకుంటారు. భుజం ఎత్తుకి లేచిన బంతిని టాప్‌స్పిన్‌తో బలంగా కొట్టే అలవాటే వాళ్లకి రాదు. అదే వయసు స్పెయిన్ పిల్లలు మట్టి కోర్టు మీద ఒక్కో పాయింటుకి ఇరవై సార్లు కొడుతూ, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు దాడి చెయ్యాలో నేర్చుకుంటుంటారు.

సరే ఇండోర్‌కి వెళ్దామంటే మాకు దగ్గర్లో ఉన్నది గాలితో ఉబ్బించిన ఒక గుడారం. అందులో మూడు కోర్టులు. సాయంత్రం వేళ ఒక్క గంట దొరకడం గగనం. ఫ్లడ్‌లైట్లు రాత్రి తొమ్మిదికి ఆపెయ్యాలని ఇరుగుపొరుగు పెట్టిన షరతు ఒకటి. పిల్లల గంటలన్నీ బడి అయ్యాక వచ్చే ఆ కాస్త టైములోనే ఇరుక్కోవాలి.

రమణ గారూ, ఎల్‌టీఏ డబ్బు లేక కాదు. ఆ డబ్బు మా గుడారం దాకా రాలేదు.

రీడింగ్_రమణ
హరిత గారూ, అక్షరాలా మా పరిస్థితే రాశారు. మా దగ్గర గుడారం కూడా లేదు, ఇండోర్‌కి నలభై నిమిషాలు డ్రైవింగ్.

బ్యాక్‌హ్యాండ్_బాబ్జీ
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండోవైపు. అసలు బ్రిటన్ వెనకబడిందని ఎవరన్నారు? ముర్రే మూడు గ్రాండ్‌స్లామ్‌లు, రెండు ఒలింపిక్ సింగిల్స్ స్వర్ణాలు గెలిచి 2016లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2015లో దేశాల జట్లు ఆడే డేవిస్ కప్ వచ్చింది. కోంటా నంబర్ 4. నోరీ నంబర్ 8, వింబుల్డన్ సెమీస్. డ్రేపర్ 2025లో అమెరికాలో ఇండియన్ వెల్స్ టోర్నీ గెలిచి నంబర్ 4 దాకా వెళ్లాడు.

ఫ్రాన్స్‌ని పొగుడుతున్నారు కదా మాస్టారూ, 1983లో యానిక్ నోవా తర్వాత ఫ్రాన్స్ మగవాడు ఒక్కడైనా గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచాడా? అమెరికాకి 2003లో రాడిక్ చివరివాడు. వాళ్ల దగ్గర ఇండోర్ కోర్టులకి కొదవా, డబ్బుకి కొదవా? చాంపియన్ అనేవాడు ఫ్యాక్టరీలో తయారు కాడు.

లెక్కల_మాస్టారు
మంచి పాయింటే తమ్ముడూ, కానీ ఫ్రాన్స్ సంగతి సగమే చెప్పావు. వాళ్లకి టాప్ 100లో ఎప్పుడు చూసినా గుంపుగా ఉంటారు. చాంపియన్ రావడం అదృష్టం మీద ఆధారపడొచ్చు, వందలో పదిమంది ఉండటం మాత్రం అదృష్టం కాదు, అది పద్ధతి. బ్రిటన్‌కి ఒకరో ఇద్దరో పైన వెలుగుతారు, వాళ్ల కింద ఖాళీ. హెన్‌మన్, రుసెడ్‌స్కీ కాలంలో అంతే, ముర్రే కాలంలో చాలా ఏళ్లు అంతే. ముర్రేకి గాయమైతే దేశం మొత్తానికీ టెన్నిస్ ఆగిపోయినట్టుండేది.

రీడింగ్_రమణ
మాస్టారు, బాబ్జీ గారు చెప్పిన పేర్లలో ఇంకో సంగతి ఉంది. రుసెడ్‌స్కీ కెనడాలో పెరిగి 1995లో ఇటు మారాడు. కోంటా సిడ్నీలో పుట్టింది. నోరీ జొహానెస్‌బర్గ్‌లో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగాడు. వీళ్లలో బ్రిటన్ పద్ధతి తయారుచేసింది ఎవర్ని?

బ్యాక్‌హ్యాండ్_బాబ్జీ
రమణ గారూ, ఆ మాట మనం అనకూడదు. రేపు మీ అమ్మాయి వింబుల్డన్ ఆడితే ‘వీళ్ల నాన్న ఆంధ్రా నుంచి వచ్చాడు కాబట్టి లెక్కలోకి రాదు’ అంటే ఊరుకుంటారా? రదుకాను టొరంటోలో పుట్టింది, నాన్నది రొమేనియా, అమ్మది చైనా. కానీ రెండేళ్లకే ఇక్కడికొచ్చి బ్రామ్లీలో పెరిగింది, అక్కడే ఆడింది, అక్కడే చదివింది. ఆ పిల్ల నూటికి నూరుపాళ్లు ఇక్కడి పిల్లే.

రీడింగ్_రమణ
రదుకాను విషయంలో మీతో ఏకీభవిస్తాను. నేనడిగేది పుట్టుక గురించి కాదు, ఆట ఎక్కడ నేర్చుకున్నారని. నోరీకి అది ఇక్కడ జరగలేదు.

డ్యూస్_దుర్గ
రదుకాను యూఎస్ ఓపెన్ గెలిచిన ఏడాదే ఎ-లెవెల్స్, అంటే ఇక్కడి ఇంటర్ లాంటి పరీక్షలు రాసింది, లెక్కల్లో ఎ-స్టార్. మా వాట్సాప్ గ్రూపులో సగంమందికి యూఎస్ ఓపెన్ కన్నా ఆ ఎ-స్టారే నచ్చింది 😀

స్టాక్‌పోర్ట్_శీను
మా ఊరివాడు కాబట్టి ఫ్రెడ్ పెర్రీ గురించి నేను చెప్పాలి. అసలు జబ్బు మొదలైంది అక్కడే అని నా గట్టి నమ్మకం.

పెర్రీ ఇక్కడే స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. నాన్న లేబర్ ఎంపీ, మిల్లు కార్మికుల నేపథ్యం. కుర్రాడు మొదట టేబుల్ టెన్నిస్‌లో 1929 ప్రపంచ చాంపియన్ అయి, ఆ తర్వాత టెన్నిస్‌కి వచ్చాడు. 1934లో మొదటిసారి వింబుల్డన్ గెలిచాడు. స్నానం చేస్తుంటే పక్కగదిలో కమిటీ పెద్దమనిషి ఒకాయన ఓడిపోయిన క్రాఫర్డ్‌తో, మంచివాడు గెలవలేదన్న అర్థంలో మాట్లాడటం విన్నానని పెర్రీయే తర్వాత చెప్పుకున్నాడు. చాంపియన్‌కి ఇవ్వాల్సిన క్లబ్ టైని చేతికివ్వకుండా కుర్చీ మీద పడేసి వెళ్లారట. వరసగా మూడేళ్లు గెలిచాడు, అయినా అంతే. 1936 చివర్లో డబ్బు కోసం ప్రొఫెషనల్‌గా మారితే గౌరవ సభ్యత్వం పీకేశారు. ఆయన అమెరికా వెళ్లిపోయాడు. విగ్రహం ఎప్పుడు పెట్టారు? 1984లో. గెలిచిన యాభై ఏళ్లకి!

తమ చాంపియన్‌నే బయటివాడిలా చూసిన ఆట అది. మామూలు ఇళ్ల పిల్లలు ఫుట్‌బాల్‌కి వెళ్లిపోయారంటే వాళ్ల తప్పా? ఫుట్‌బాల్‌కి ఒక బంతి, ఒక గోడ చాలు. పైగా ఇక్కడి పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు ఎనిమిది, తొమ్మిదేళ్లకే పిల్లల్ని అకాడమీలోకి లాక్కుంటాయి. చురుకైన కాళ్లున్న పిల్లాణ్ని టెన్నిస్ చూసేలోపే ఫుట్‌బాల్ తీసుకుపోతుంది. ముర్రేని కూడా రేంజర్స్ క్లబ్ పిలిచింది, వాడు టెన్నిస్ ఎంచుకోవడం మన అదృష్టం.

బ్యాక్‌హ్యాండ్_బాబ్జీ
అది 90 ఏళ్ల కిందటి కథ శీనన్నా. ఇప్పుడు అలా లేదు.

స్టాక్‌పోర్ట్_శీను
ఇప్పుడు అవమానాలు లేవు, ఒప్పుకుంటా. గేటు మాత్రం ఉంది. హెన్‌మన్ ఇంటి తోటలోనే టెన్నిస్ కోర్టు. డ్రేపర్ అమ్మ కోచ్, నాన్న ఎల్‌టీఏ మాజీ ముఖ్య అధికారి. ముర్రే అమ్మ జూడీ కోచ్. మంచి పిల్లలే, కష్టపడ్డవాళ్లే, నాకు వాళ్ల మీద ఏ కోపమూ లేదు. కానీ ఇంట్లో కోర్టో కోచో లేని పిల్లల పేర్లు చెప్పు చూద్దాం.

విశాఖ_వాలీ
పాల్ జబ్. హల్ పట్నం కుర్రాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే బామ్మ పెంచింది. అమెరికాలో సౌత్ కరోలినా యూనివర్సిటీకి ఆడి 2019లో అక్కడి జాతీయ కాలేజీ సింగిల్స్ టైటిల్ గెలిచాడు, ఏ బ్రిటన్ కుర్రాడూ అంతకుముందు గెలవనిది. 2022 వింబుల్డన్ మొదటి రౌండులో కిర్గియోస్‌ని ఐదు సెట్లు ఆడించాడు. ఆ ఏడాది కిర్గియోస్ ఫైనల్ దాకా వెళ్లాడు.

గమనించాల్సింది ఏంటంటే, జబ్‌ని నిలబెట్టింది అమెరికా కాలేజీ. నోరీ టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ. ఇంకో బ్రిటన్ ఆటగాడు ఫియర్న్లీ కూడా అదే. 2025 వింబుల్డన్ డబుల్స్ గెలిచిన క్యాష్, గ్లాస్‌పూల్ ఇద్దరూ అమెరికా కాలేజీల్లో ఆడినవాళ్లే. 1936 తర్వాత ఇద్దరూ బ్రిటన్ వాళ్లే ఉన్న జోడీ అక్కడ పురుషుల డబుల్స్ గెలవడం అదే మొదటిసారి. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు కదా, అదే దారి. కోర్టు, కోచ్, ఫిజియో, చదువు, ప్రయాణాలు అన్నీ కాలేజీ చూసుకుంటుంది. పద్దెనిమిదేళ్లకి ‘ప్రో అవ్వాలా, ఆట మానెయ్యాలా’ అనే భయం ఉండదు. బ్రిటన్ యూనివర్సిటీలు ఆ స్థాయిలో ఆట నడపడం ఈ మధ్యే మొదలైంది.

గచ్చిబౌలి_స్మాష్
నేను బ్యాడ్మింటన్ వాణ్ని, టెన్నిస్ పెద్దగా తెలీదు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది బర్మింగ్‌హామ్‌లో. తర్వాత ఇల్లు తాకట్టు పెట్టి గచ్చిబౌలిలో అకాడమీ కట్టారు. సైనా, సింధు, శ్రీకాంత్ అందరూ ఆ ఒక్క కప్పు కింద రోజూ ఒకళ్లతో ఒకళ్లు ఆడుకున్నవాళ్లే. సింధు సికింద్రాబాద్ నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చేది. గట్టి పిల్లలు పదిమంది ఒకేచోట ఉంటే సగం పని వాళ్లే ఒకళ్లకొకళ్లు చేసేస్తారు. లండన్‌లో అలాంటి చోటు లేదా?

హారో_హరిత
ఉంది స్మాష్ గారూ. 2007లో రోహాంప్టన్‌లో దాదాపు 4 కోట్ల పౌండ్లతో జాతీయ టెన్నిస్ కేంద్రం కట్టారు. ఇండోర్, మట్టి, గడ్డి అన్నీ ఉన్నాయక్కడ. కానీ అక్కడికి చేరేది ముందే ఎంపికైనవాళ్లు. గోపీచంద్ అకాడమీకి ఏడెనిమిదేళ్ల పిల్లలు కూడా వచ్చి పడతారు, వాళ్లలోంచి మెరికలు తేలతారు. ఇక్కడ ముందు మెరికగా తేలాలి, తర్వాతే లోపలికి. తేలడానికి అయ్యే ఖర్చంతా మనదే.

చిన్న వయసులో ఎంపిక చేసి దూరంగా పంపడంలో ఇంకో ప్రమాదం ఉంది. జేమీ ముర్రే పన్నెండేళ్లప్పుడు ఆండీ కన్నా మిన్నగా ఆడేవాడు. స్కాట్లాండ్‌లో సొంతూరు డన్‌బ్లేన్ నుంచి కేంబ్రిడ్జ్‌లోని ఎల్‌టీఏ శిక్షణ బడికి పంపారు. ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు, ఫోర్‌హ్యాండ్ మార్పించారు, కొన్ని నెలలకే తిరిగొచ్చేశాడు. ఆట మీద ఇష్టమే పోయింది కొంతకాలం. అన్నయ్యకి అలా జరిగిందన్న కోపాన్ని ఆండీ తర్వాత బహిరంగంగానే చెప్పాడు. జేమీ మళ్లీ లేచి డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడంటే అది వాడి గుండె ధైర్యం. తల్లిగా నాకు ఆ కథ చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

నెట్_నారాయణ
మిడ్‌లాండ్స్‌లో కోచింగ్ చేస్తున్నాను. ఇంతమంది రాశారు గానీ కోచ్ జేబు గురించి ఎవరూ రాయలేదు.

క్లబ్ కోచ్‌కి ఇక్కడ నెల జీతం ఉండదు, గంటకి ఇంత అని. చాలాచోట్ల కోర్టు అద్దె తిరిగి క్లబ్‌కే కట్టాలి. ఎనిమిదిమంది చిన్నపిల్లలకి ఎర్రబంతి క్లాసు (మెత్తటి బంతితో మొదటి పాఠాలు) పెడితే నా ఇల్లు గడుస్తుంది. ఒక మంచి పిల్లకి ఒంటరిగా గంట చెప్పి, శనివారం ఆ పిల్ల వెంట టోర్నీకి వెళ్లి మ్యాచ్ చూస్తే నాకు ఆ రోజు సంపాదన పోతుంది. పైగా ఆ పిల్ల నిజంగా ఎదిగితే పెద్ద సెంటర్‌కి పంపెయ్యమంటారు. పేరు ఆ సెంటర్‌ది, నాకు ఆ పిల్ల మ్యాచ్ ఫలితం ఫోన్లో చూసుకోవడమే. అలా ఉంటే ఏ కోచ్ పదేళ్లు ఒక పిల్ల మీద ప్రాణం పెడతాడు?

చెక్‌లో క్లబ్ పేరు మీద లీగ్ ఆడతారు. పిల్ల ఎదిగినా క్లబ్‌దే. పెద్ద ఆటగాళ్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటారు. క్రెజికోవా జూనియర్స్ అయ్యాక ఏం చెయ్యాలో తెలీక, బ్ర్నో ఊళ్లోనే ఉన్న 1998 వింబుల్డన్ చాంపియన్ యానా నొవోత్నా ఇంటికి ఒక ఉత్తరం పట్టుకుని వెళ్లి తలుపు తట్టింది. ఆమె కోచ్‌గా ఉండటానికి ఒప్పుకుంది. ఇక్కడ తలుపు తట్టాలంటే ముందు ఆ వీధి గేటు దాటాలి.

మేడమీద గది బంగారంలా కట్టి మెట్లు వేయడం మరిచిపోయారు, నాకు కనపడేది అదే.

లెక్కల_మాస్టారు
నారాయణ గారి పోస్టుకి ఇటలీ సాక్ష్యం. ఒకప్పుడు వాళ్లూ అన్నీ కేంద్రంలోనే నడపాలని చూశారు. తర్వాత పద్ధతి మార్చి, పిల్లాడు ఏ కోచ్ దగ్గర ఉంటే అక్కడికే సంఘం సాయం పంపడం మొదలుపెట్టింది. దాంతోపాటు దేశం నిండా చాలెంజర్ టోర్నీలు, అంటే పెద్ద టోర్నీల కింది మెట్టువి పెట్టారు. వాళ్ల ఆటగాడు సినర్ 17 ఏళ్లప్పుడు 2019లో బెర్గామో చాలెంజర్‌కి వైల్డ్‌కార్డు మీద వచ్చి టైటిల్ కొట్టాడు. రైలెక్కి వెళ్లి ఆడి, ర్యాంకింగ్ పాయింట్లతో ఇంటికి రావొచ్చు. వరసగా డేవిస్ కప్‌లు, 2025లో వింబుల్డన్... ఫలితం కళ్లముందే ఉంది.

బ్రిటన్ కుర్రాడు గడ్డి సీజన్ ఆ కొద్ది వారాలు అయ్యాక పాయింట్ల కోసం ఎక్కువసార్లు విమానం ఎక్కాల్సిందే. హోటలు, కోచ్ టికెట్టు, అంతా సొంత ఖర్చు.

డ్యూస్_దుర్గ
మరి వింబుల్డన్ వైల్డ్‌కార్డులు? 2025లో మొదటి రౌండులో ఓడినా 66,000 పౌండ్లు. నూటయాభయ్యో ర్యాంకు వాడికి ఏడాదికి ఒక్క మ్యాచ్‌తో ఖర్చులు వెళ్లిపోతాయి. అదే వాళ్లని బద్ధకస్తుల్ని చేసిందని నా అనుమానం.

విశాఖ_వాలీ
అన్యాయం దుర్గా. ఆ డబ్బుతోనే వాడు మిగతా ఏడాది కోచ్‌ని పెట్టుకుని తిరుగుతాడు. కాకపోతే ఆ వైల్డ్‌కార్డు కొంచెం ర్యాంకు చూసి ఇవ్వాలి, అది ఒప్పుకుంటా.

నెట్_నారాయణ
వాలీ గారితో నేనూ ఏకీభవిస్తా. బద్ధకం ఉన్న పిల్లాడు నూటయాభై దాకా రాడు.

బ్యాక్‌హ్యాండ్_బాబ్జీ
ఒక్క మంచి మాట కూడా చెప్పరా ఎవరూ? పార్కుల్లో పాడుబడిన కోర్టుల్ని ప్రభుత్వం, ఎల్‌టీఏ కలిసి దాదాపు 3 కోట్ల పౌండ్లతో బాగుచేశాయి. వేల కోర్టులు తెరుచుకున్నాయి. మా వీధి చివర పార్కులో నెట్ చిరిగి, పగుళ్లలో గడ్డి మొలిచిన కోర్టులు ఉండేవి. ఇప్పుడు కొత్త నీలం రంగు, గేటుకి నంబర్ల తాళం. ఫోన్లో బుక్ చేసుకుంటే కోడ్ వస్తుంది. నిన్న సాయంత్రం పక్క కోర్టులో ఒక బస్ డ్రైవర్ యూనిఫామ్‌తోనే కూతురికి బంతులు అందిస్తున్నాడు. శీనన్న అన్న గేటు ఇలాగే తెరుచుకోవాలి.

స్టాక్‌పోర్ట్_శీను
ఇది మంచి మాటే బాబ్జీ, సంతోషం. దానికి కప్పు కూడా వేయించమను, ఆ బస్ డ్రైవర్ కూతురు జనవరిలో ఎక్కడ ఆడుతుంది?

రీడింగ్_రమణ
అందరి పోస్టులూ మళ్లీ మొదట్నుంచి చదివాను. నాకు తేలిందేంటంటే, ఎల్‌టీఏ మారేదాకా మా అమ్మాయి వయసు ఆగదు. నారాయణ గారూ, సూటిగా అడుగుతున్నా. ఈ ఏడాది నేను ఒక్క పని చెయ్యాలంటే ఏం చెయ్యను? ఒంటరి క్లాసులు పెంచనా, టోర్నీలు పెంచనా?

నెట్_నారాయణ
రెండూ వద్దు. తనకన్నా కాస్త మెరుగ్గా ఆడే పిల్లలు ముగ్గుర్ని వెతకండి. వారంలో రెండుసార్లు వాళ్లతో పాయింట్లు ఆడించండి, స్కోరు రాసి. ఒంటరి క్లాసు ఒకటి తగ్గించి ఆ డబ్బు ఇండోర్ కోర్టుకి పెట్టండి. వీలైతే సెలవుల్లో ఒకసారి మట్టి కోర్టు మీద ఆడించండి, ఇక్కడ తక్కువే గానీ వెతికితే దొరుకుతాయి. మోచెయ్యి, వెన్ను నొప్పి అంటే మాత్రం ఆ వారం రాకెట్ దాచెయ్యండి.

హారో_హరిత
రమణ గారూ, మేం నలుగురు తల్లులం కలిసి శనివారం ఉదయం ఏడింటి ఇండోర్ గంటన్నర పంచుకుంటున్నాం. ఆ వేళ ఎవరూ రారు, అద్దె కూడా తక్కువ. రీడింగ్ నుంచి రావడం దూరమే కానీ పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉంటాయి. మా గుంపులో ఒక అమ్మాయి ఈ నెల ఆఖరుకి లీడ్స్ వెళ్లిపోతోంది, చోటు ఖాళీ అవుతుంది. మీ పాప సెకండ్ సర్వ్ ఎలా ఉంటుంది? మెత్తగా ఉంటే మావాళ్లు ఆ సర్వ్ మీద దాడి చేసేస్తారు, ముందే చెప్తున్నా.

రీడింగ్_రమణ
సెకండ్ సర్వ్ ఇంకా మెత్తగానే ఉంది. అందుకే తీసుకొస్తా. వివరాలు మెసేజ్ పెట్టండి హరిత గారూ, ఏడింటికల్లా అక్కడుంటాం.

డ్యూస్_దుర్గ
మావాడు స్లౌ ఊళ్లో ఉన్నాడు, పన్నెండేళ్లు, ఎడమచేతి వాటం. చోటుంటే చెప్పండి అక్కా, బంతుల డబ్బా మేం తెస్తాం.